చచ్చిన గుర్రాలకు మైలు పందెం

ధరలు, ఉద్యోగాలు, వానలు లాంటి చిల్లర సంగతుల మీద చర్చలు మరీ ఎక్కువైపోయి అసలు సమస్య మూలన పడింది. 1947లో ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో 2000 గినీస్ అనే మైలు రేసును 8 లెంగ్తులతో (లెంగ్తంటే ఒక గుర్రం పొడుగు) గెలిచిన టుడర్ మిన్‌స్ట్రెల్ అనే గుర్రం గొప్పదా, 1971లో అదే రేసును 3 లెంగ్తులతో గెలిచిన బ్రిగేడియర్ జెరార్డ్ గొప్పదా అన్నది నేటికీ తేలలేదు. పందెం డబ్బులు ఎప్పుడో పంచేశారు. గుర్రాలు పోయాయి. వాటి మీద కూర్చున్న గోర్డన్ రిచర్డ్స్, జో మెర్సర్ కూడా పోయారు. వాదించేవాళ్లు మాత్రం తరం తరవాత తరం పుట్టుకొస్తూనే ఉన్నారు. వాళ్లకు ఇంతవరకూ ఒక పద్ధతీ పాడూ లేకపోవడం విచారకరం. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

మొట్టమొదటి నియమం: ముందు గుర్రాన్ని ఎంచుకోవాలి, కొలబద్దను తరవాత. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు మొండివాడని లోకం అపోహపడింది కానీ, నిజానికి మైలు గుర్రాల చర్చకు ఆద్యుడు ఆయనే. అనుభవం లేని కుర్రాళ్లు దీన్ని తిరగేసి, ముందు ఒక కొలబద్ద పట్టుకుని దాంతో గుర్రాన్ని వెతకబోతారు. అలా వెతికితే ఎవరు దొరుకుతారో తెలుసా? మిస్టర్ బెయిలీస్ లాంటి గుర్రం దొరుకుతుంది.

గడియారాన్ని నమ్మినవాడి గతి అదే. 2000 గినీస్ దూరం సరిగ్గా ఒక మైలు, అంటే 8 ఫర్లాంగులు, 1609 మీటర్లు. టుడర్ మిన్‌స్ట్రెల్ దాన్ని 1 నిమిషం 37.8 సెకన్లలో పూర్తి చేసింది. బ్రిగేడియర్ జెరార్డ్‌కు 1:39.2 పట్టింది. 14 రేసుల్లో 14 గెలిచిన ఫ్రాంకెల్ 2011లో 1:37.30లో పరిగెత్తింది. 1994లో మిస్టర్ బెయిలీస్ షార్ట్ హెడ్‌తో, అంటే తల పొడుగు కన్నా తక్కువ తేడాతో, బతికి బయటపడ్డ రేసు టైము 1:35.08. ఆ రికార్డును 2020లో కమెకో 1:34.72తో బద్దలు కొట్టింది. మంచి నేల మీద సెకనుకు 6 లెంగ్తుల లెక్కన, ఈ పట్టికను నమ్మితే కమెకో ఫ్రాంకెల్‌ను 15 లెంగ్తులకు పైగా వెనక వదిలేస్తుంది. బ్రిగేడియర్ అయితే ఇంకా దారిలోనే ఉంటుంది. కమెకో పేరు మీద సంఘం పెట్టినవాడు ఇంతవరకూ లేడు. కాబట్టి గడియారం అబద్ధం చెబుతోందని సభ ఏకగ్రీవంగా ఒప్పుకున్నట్టే.

ఎందుకు చెబుతోందో చెప్పడానికి మాత్రం కొంత చదువు కావాలి. న్యూమార్కెట్‌లోని రౌలీ మైలులో మలుపన్నది లేదు, మొదటి నుంచి చివరి దాకా తిన్నగా ఉంటుంది. గుండ్రటి ట్రాకు మీద ఒకవైపు ఎదురుగాలి తగిలితే ఇంకోవైపు వెనకగాలి తోస్తుంది, ఎంతో కొంత సర్దుకుంటుంది. ఇక్కడ అలా కుదరదు. వెనక నుంచి గాలి వీస్తే మైలు పొడుగునా వీస్తుంది, ఎదురైతే మైలు పొడుగునా ఎదురే. చివర్లో నేల కిందికి జారి, ఆఖరి ఫర్లాంగు ఎగువకు లేస్తుంది. దానికి తోడు నేల తడి. గిట్టకు పట్టు దొరికే మెత్తటి పచ్చిక మీద పరిగెత్తడం ఒకటి, గిట్ట దిగబడిపోయే బురద మీద పరిగెత్తడం మరొకటి. ఆ పైన పరుగు తీరు. మొదటి 4 ఫర్లాంగులు జాకీలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ నెమ్మదిగా వెళితే, ఆఖరి 4 ఫర్లాంగుల్లో రాకెట్లలా దూసుకెళ్లినా మొత్తం టైము చప్పగానే వస్తుంది. ఇంత తెలిసినవాడు గడియారం జోలికి పోడు, తన గుర్రానికి రికార్డు ఉంటే తప్ప.

మన దగ్గర మరో తంటా ఉంది. మలక్‌పేటలోనూ ముంబై మహాలక్ష్మిలోనూ మైలంటే 1600 మీటర్లు. ఇంగ్లండు మైలు కన్నా 9 మీటర్లు తక్కువ. ఒక లెంగ్తును 2.4 మీటర్లనుకుంటే దాదాపు 4 లెంగ్తులు, టైములో అర సెకను పైచిలుకు. మన గుర్రాల టైములను వాళ్ల టైముల పక్కన పెట్టి ఛాతీ విరుచుకునేవాళ్లు ఈ 9 మీటర్ల సంగతి ఎత్తరు. అది కూడా సంప్రదాయమే, దాన్ని గౌరవించాలి.

గడియారం పోయింది కనక లెంగ్తులను ఆశ్రయిద్దాం. టుడర్ మిన్‌స్ట్రెల్ భక్తులకు ఇదే వేదం: 8 లెంగ్తులు! సరే, ఎవరి మీద? రెండో స్థానంలో సరవాన్, మూడో స్థానంలో సయాజీరావు. ఈ సయాజీరావు బరోడా మహారాజా గుర్రం. ఏడాది పిల్లగా ఉన్నప్పుడే 28,000 గినీలకు కొన్నారు, అప్పటికి అది రికార్డు ధర. అదే ఏడు ఐరిష్ డెర్బీ, సెయింట్ లెజర్ గెలిచింది. అంతటిదాన్ని మైలు మీద చిత్తు చేసింది కనక టుడర్ మిన్‌స్ట్రెల్‌ను మించింది లేదంటారు భక్తులు. బాగానే ఉంది. నెల దాటిందో లేదో ఎప్సమ్‌లో డెర్బీ వచ్చింది. దూరం మైలున్నర. టుడర్ మిన్‌స్ట్రెల్ పందెం ధర 4/7, అంటే 700 పెడితే గెలిచాక చేతికి వచ్చే లాభం 400. గుర్రం జాకీతో కుస్తీ పట్టింది, ఎడమకు తిరిగే ట్రాకు మీద కుడికి లాగింది, నాలుగో స్థానంలో వచ్చింది. 40/1 ధర ఉన్న పెర్ల్ డైవర్ గెలిచింది. మూడో స్థానంలో ఎవరయ్యా అంటే, సయాజీరావే!

ఇక్కడే నిపుణుడికీ సామాన్యుడికీ తేడా తెలిసేది. సామాన్యుడు డెర్బీ ఓటమిని దాచబోతాడు. నిపుణుడు దాన్నే ముందుకు తెస్తాడు. 'చూశారా, మైలున్నర పనికిరాకపోవడమే మైలుకు పుట్టిందనడానికి రుజువు' అంటాడు. ఓటమి ఎంత ఘోరమైతే అర్హత అంత పెరుగుతుంది. ఈ సూత్రం ప్రకారం రెండు మైళ్ల రేసులో ట్రాకు మధ్యలో కూర్చుండిపోయిన గుర్రం ఏదైనా ఉంటే అదే అన్నిటికన్నా గొప్పదన్నమాట. పరిశోధకులు వెతకాలి.

లెంగ్తుల్ని లెక్కపెట్టిన విధానం మీద కూడా రెండు మాటలు. ఈ రోజుల్లో రెండు గుర్రాలు గీత దాటిన టైముల తేడాను తీసుకుని లెంగ్తులుగా మారుస్తారు. సెకనుకు 6 అని చెప్పాను కదా, బురద నేల మీద అది 5కు పడుతుంది. ఇంగ్లండులో ఫోటో ఫినిష్ కెమెరా వచ్చిందే 1947లో. అప్పట్లో పెద్ద తేడాలన్నీ జడ్జి కంటి అంచనాలు. ముక్కు తేడాకు ఫోటో చూస్తారు గానీ, 8 లెంగ్తులకు ఎవరు చూస్తారు? అవి ఏడున్నర అయివుండొచ్చని అనుమానించే పాపిష్టివాళ్లు లేకపోలేదు. వాళ్లను సభలో వెనక బల్ల మీద కూర్చోబెట్టాలి.

బ్రిగేడియర్ పక్షం వాళ్లు లెంగ్తుల మాట ఎత్తరు. వాళ్ల కొలబద్ద వేరు: ఎంతతో గెలిచావన్నది కాదు, ఎవరి మీద గెలిచావు? 1971 మే 1న బరిలో దిగినవి ఆరే గుర్రాలు. మిల్ రీఫ్ 6/4తో ఫేవరెట్, మై స్వాలో 2/1. అంతకుముందు ఏడు ఫ్రాన్సులో మై స్వాలో మిల్ రీఫ్‌ను షార్ట్ హెడ్‌తో ఓడించింది కనక జనం కళ్లన్నీ ఆ రెండింటి మీదే. అవి రెండూ ఆ సీజనులో తలా ఒక రేసు పరిగెత్తి గెలిచి వచ్చాయి. బ్రిగేడియర్ మాత్రం ఆ ఏడు ఒక్క రేసు కూడా పరిగెత్తకుండా నేరుగా ఇక్కడికే వచ్చింది. ధర 11/2, రూపాయికి ఐదున్నర. దాని తండ్రి క్వీన్స్ హుస్సార్‌కు దాటింపు ఫీజు కేవలం 250 గినీలు. మిల్ రీఫూ మై స్వాలో ఒకదాన్నొకటి నమిలేసుకుంటుంటే వెనక నుంచి వచ్చిన బ్రిగేడియర్ 3 లెంగ్తులతో ముగించింది. ఆ తరవాత మిల్ రీఫ్ డెర్బీ, ఎక్లిప్స్, కింగ్ జార్జ్, ఆర్క్ అనే పెద్ద రేసులను వరసగా గెలిచి ఇంటికి పోయింది. గెలిచిన ప్రతి కప్పూ బ్రిగేడియర్ ఖాతాలో పడింది. ఓడిన గుర్రం పరిగెత్తుతుంటే గెలిచిన గుర్రం కీర్తి పెరగడం రేసుల్లోనే సాధ్యం.

మిల్ రీఫ్ వర్గం మటుకు ఊరుకుంటుందా? మైలు తమ గుర్రానికి చాలదంటారు. మైలున్నర పెట్టుంటే తెలిసేదంటారు. ఆ రెండూ మళ్లీ ఎదురుపడలేదు. 1972 ఆగస్టులో ప్రాక్టీసులో మిల్ రీఫ్ ముందరి కాలు విరిగింది. కాబట్టి ఈ కేసు శాశ్వతంగా పెండింగు. చర్చకు ఇంతకన్నా ఆరోగ్యకరమైన పరిస్థితి ఉండదు.

బ్రిగేడియర్ 18 రేసుల్లో 17 గెలిచింది. చిక్కంతా ఆ మిగిలిన ఒక్కదానితోనే. 1972 ఆగస్టు 15, యార్క్. మనం స్వాతంత్ర్య రజతోత్సవం చేసుకుంటున్న రోజున బ్రిగేడియర్‌ను రాబర్టో 3 లెంగ్తులతో ఓడించింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాకుండా ఓటమికి శాస్త్రీయమైన కారణాలు చెప్పడం ఎలాగో బ్రిగేడియర్ పక్షాన్ని చూసి నేర్చుకోవాలి. రేసయ్యాక గుర్రానికి ముక్కు కారిందని యజమాని వైపు నుంచి వచ్చింది. దూరం మైలుంబావుకు పైన కనక ఈ రేసు మన చర్చ పరిధిలోకే రాదన్నారు. అయితే ఆ ఏడే మైలున్నర కింగ్ జార్జ్ గెలిచింది కదా అంటే, అది మాత్రం పరిధిలోకి వస్తుంది. 1971లో యాస్కాట్‌లో బురదలో స్పార్క్లర్ మీద హెడ్‌తో గట్టెక్కింది కదా అంటే, అది గెలుపు కాదట, శౌర్యమట.

యార్క్‌లో ఆ రోజు రాబర్టో మీద కూర్చున్నది పనామా జాకీ బ్రౌలియో బయేజా. ఇక్కడి నుంచే అమెరికా వాదులు గుమ్మం తొక్కుతారు. ఎందుకంటే 1968 ఆగస్టు 24న అమెరికాలోని అర్లింగ్టన్ పార్కులో డాక్టర్ ఫేగర్ అనే గుర్రం మీద కూర్చున్నదీ ఆయనే. గుర్రం మీంచి పడ్డ ట్రైనర్ మెదడుకు ఆపరేషన్ చేసిన సర్జను పేరే ఈ గుర్రానికి పెట్టారు. వీపు మీద 134 పౌండ్లు, అంటే దాదాపు 61 కిలోలు మోస్తూ మైలును 1:32.2లో ముగించింది. ఆ రోజుల్లో గినీస్‌లో మగగుర్రాలు మోసింది 126 పౌండ్లే. మైలు మీద సుమారు 2 పౌండ్లకు ఒక లెంగ్తు లెక్కన ఆ 8 పౌండ్లు తీసేస్తే ఇంకో 4 లెంగ్తులు ముందుండేదన్నమాట. అమెరికా వాది ఇది చెప్పి కాలు మీద కాలు వేసుకుంటాడు. అప్పుడు నెమ్మదిగా గుర్తుచేయాలి: బాబూ, మీ దగ్గర గేటు తెరుచుకున్న క్షణానే గడియారం నడవదు. గేటుకు కొంత ముందున్న గీత దాకా గుర్రం పరిగెత్తి వేగం అందుకున్నాక నడుస్తుంది. ఆ కొంత ఎంతన్నది ట్రాకును బట్టి, రేసును బట్టి మారుతుంది. మట్టి ట్రాకు వేరు, పచ్చిక వేరు. ఆయన లేచి వెళ్లిపోతాడు. వెళ్లకపోతే బరువుల లెక్క మళ్లీ మొదటి నుంచి చెబుతాడు.

ఆడగుర్రాల ప్రస్తావనకు ఐదు నిమిషాలు చాలు, అంతకన్నా ఎక్కువిస్తే మగగుర్రాల భక్తుల పరువు దక్కదు. 1902లో సెప్టర్ బుధవారం 2000 గినీస్, శుక్రవారం ఆడగుర్రాలకే పెట్టే 1000 గినీస్ గెలిచింది. 1987, 1988లో మియెస్క్ అమెరికాలో బ్రీడర్స్ కప్ మైలు అనే రేసును వరసగా రెండుసార్లు గెలిచింది. గోల్డికోవా 2008 నుంచి వరసగా మూడుసార్లు. మియెస్క్ జాకీ ఫ్రెడీ హెడే గోల్డికోవా ట్రైనరు. ఆడవాటికి బరువు తగ్గింపు ఉందిగా అని ఎవరైనా గొణిగితే ప్రసంగం అక్కడితో ఆపేయాలి.

ఇక మిగిలింది రేటింగు. గుర్రాలకు మార్కులు వేసే టైమ్‌ఫామ్ పుస్తకం టుడర్ మిన్‌స్ట్రెల్‌కు 144, బ్రిగేడియర్‌కు కూడా 144 ఇచ్చి ఇద్దరి నోరూ మూయించాలని చూసింది. ఎవరి నోరూ మూతపడలేదు. తరవాత ఫ్రాంకెల్‌కు 147 ఇచ్చింది. 2012 క్వీన్ యాన్ రేసులో 11 లెంగ్తులతో గెలిచిన గుర్రం అది. పాత తరం వాళ్లు దాన్ని ఇంకా కుర్రగుర్రంగానే చూస్తున్నారు, ఇంగ్లండు దాటి పరిగెత్తలేదని వంక పెడుతున్నారు. బ్రిగేడియర్ కూడా దాటలేదు, కానీ ఆ రోజుల్లో దాటకపోవడం హుందాతనం.

గుర్రాల సత్తాను పౌండ్లలో లెక్కగట్టే అంతర్జాతీయ హ్యాండిక్యాపర్లు ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్ల జాబితాలో ఫ్రాంకెల్‌కు వచ్చింది 140. పైన 1986 గినీస్ గెలిచిన డాన్సింగ్ బ్రేవ్ 141తో అడ్డంగా ఉంది. 2013 జనవరిలో పాత రేటింగులన్నిటినీ సవరించి డాన్సింగ్ బ్రేవ్‌ను 138కి దించారు. అది 1999లోనే జపాన్‌లో చనిపోయింది. ఇరవయ్యారేళ్లుగా ఒక్క రేసు పరిగెత్తని, ఒక్కదానిలోనూ ఓడని గుర్రం 3 పౌండ్లు నష్టపోయింది. నోటీసు లేదు, విచారణ లేదు, అప్పీలుకు గడువు లేదు. టుడర్ మిన్‌స్ట్రెల్, బ్రిగేడియర్ వర్గాలవాళ్లు ఒకరి మీద ఒకరు కత్తులు నూరడం కాస్త ఆపి, ఇప్పుడే ఉమ్మడిగా ఒక మంచి వకీలును మాట్లాడుకుంటే మేలు. ఫీజు తలా సగం వేసుకోవచ్చు. ఎవరి గుర్రం పేరు వకాలత్‌నామా మీద ముందు రాయాలన్న దగ్గర మాత్రం జాగ్రత్త.