మ్యాగ్నోలియా గారికి, అనంతపురం నుంచి, ఒక అక్షరం ఎక్కువైనవాడు రాయునది

మహాలక్ష్మీ సమానురాలైన మ్యాగ్నోలియా పువ్వు గారికి,

ఉభయకుశలోపరి. ఉభయ అని అలవాటు కొద్దీ రాశాను గానీ, కుశలం మీ ఒక్కరిదే.

మీరు నన్ను ఎరగరు. నేను మాత్రం రోజూ పొద్దున ఆరింటికి, ఇంకా పళ్లు కూడా తోముకోకముందే, ఫోన్లో మీ దర్శనం చేసుకుంటున్నాను. మంచు బొట్లతో మీరు, మీ కింద మూడు లైన్ల కవిత, లైనుకు ఐదు చుక్కలు, చివర శుభోదయం. పంపేది మా గ్రూపులో ఉన్న రిటైర్డు సార్లు, వదినలు, బ్యాంకులో పనిచేసే బామ్మర్ది. వీళ్లలో ఒక్కరు కూడా మిమ్మల్ని చెట్టు మీద చూసినవాళ్లు కారు. నేనూ చూడలేదు. చూడనిదాన్ని పొగడటం మనకు కొత్త కాదు కాబట్టి ఇన్నాళ్లూ నోరు మూసుకుని నమస్కారం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను.

కానీ మొన్న ఆదివారం జరిగినదాని తర్వాత ఊరుకోవడం నా వల్ల కావడం లేదండీ.

ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండున్నర, అనంతపురం. ఇంతకు మించి ఎండ గురించి చెప్పక్కర్లేదు. ఛాయాచిత్ర కవితల పోటీ అన్నారు. సొంతంగా తీసిన ఫోటో ఒకటి, దానికి ఒక నానీ. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు, అంతకు మించకూడదు. ప్రవేశ రుసుం 200. కార్యక్రమం అయ్యాక ఉగ్గాని బజ్జీ అని కరపత్రంలో అచ్చేశారు. (రెండు గ్లూకోజు బిస్కెట్లు ఇచ్చారు. దాని గురించి వేరే ఉత్తరం రాస్తాను.) ముఖ్య అతిథి నాలుగింటికి వచ్చారు, కరెంటు మూడింటికే పోయింది.

మొత్తం 41 ఫోటోలు వస్తే అందులో 17 మీరే. నిజంగా లెక్కపెట్టాను, వేరే పని ఏముంది అక్కడ. తెల్లని మీరు, గులాబీ మీరు, నీలాకాశం ముందు మీరు, వానలో మీరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని జిల్లాలో ఇంతమంది ఇన్ని తడిసిన పువ్వులను సొంతంగా ఎక్కడ ఫోటో తీశారో ఆ దేవుడికే తెలియాలి. మొదటి బహుమతి వచ్చిన ఫోటోను నేను అక్కడే కూర్చుని గూగుల్ లెన్సులో పెట్టి చూశాను. వాల్‌పేపర్. ఏ ఫోనుకైనా ఉచితంగా దిగుతుంది.

నేను తీసుకెళ్లింది శనక్కాయ పువ్వు. పోయిన ఆగస్టులో మా మామ చేన్లో, సాళ్ల మధ్య బోర్లా పడుకుని, మోచేతులు గీరుకుపోతుంటే తీసింది. గోరంత ఉంటుంది, పసుపుగా, ఆకుల కింద దాక్కుని. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే వాడిపోతుంది. వాడితే అయిపోయిందనుకుంటాం గానీ దాని అసలు పని అప్పుడే మొదలు. ఆ పువ్వున్న చోటి నుంచి ఊడ ఒకటి సాగి, కిందికి వంగి, మట్టిలోకి దిగి, అక్కడ చీకట్లో కాయ అవుతుంది. పూసేది పైన, కాసేది కింద. మా జిల్లా మొత్తం తరతరాలుగా ఆ ఊడ నేలలోకి దిగుతుందా లేదా, దిగే రోజుకు నేల మెత్తగా ఉంటుందా లేదా అని ఆకాశం వైపు చూస్తూ బతికింది. దానికి నేను రాసుకున్నది ఇదీ:

పొద్దున పూసింది
మధ్యాహ్నం వాడింది
ఊడై నేలకు దిగింది
అప్పు తీర్చాలని

చదవగానే వెనక వరసలో ఒక పెద్దాయన "అదప్పా!" అన్నాడు. నాకు అది చాలు. కానీ వేదిక మీద జడ్జీగారు కళ్లజోడు సవరించుకుని, మైకులో, వేళ్లు మడుస్తూ, పొ, ద్దు, న, పూ, సిం, ది అని మొదలుపెట్టారు. హాలు హాలంతా ఆయనతో కలిసి గొంతు కలిపింది, ఎక్కాల క్లాసులాగా. ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఆరు. "ఒకటి ఎక్కువైంది నాయనా, ఇది నానీ కాదు. అయినా శనక్కాయ పువ్వులో నూనె ఉంటుంది గానీ కవిత్వం యాడుంటుంది?" అన్నారు. అందరూ నవ్వారు. అదప్పా అన్న పెద్దాయన కూడా నవ్వాడు.

సరే, నియమం నియమమే. తలవంచుకుని కూర్చున్నాను. మరి మొదటి బహుమతి కవితకు ఎన్ని పాదాలో తెలుసా అండీ? మూడు. నానీకి నాలుగు కదండీ అని లేచి అడిగితే, "భావం ముఖ్యం" అన్నారు. సొంత ఫోటో కాదు కదండీ అంటే, "భావం సొంతం" అన్నారు. ఆ భావం ఏమిటంటే మంచు, మౌనం, నువ్వు. మంచు! మేము మంచును చూసేది ఐసు బండి మీద. 26కి నియమం అడ్డం వచ్చింది, మూడు పాదాలకు భావం అడ్డం పడి కాపాడింది. ఒక్క అక్షరం. ఇంటికి వచ్చి ఏ అక్షరం తీసేయచ్చో రాత్రి ఒంటిగంట దాకా చూశాను. 'దిగింది'ని 'దిగె' చేస్తే సరిపోయేది. కానీ మా చేన్లో ఎవరూ దిగె అనరు.

ఇందులో నా తప్పేముంది అంటారేమో. ఉంది. నీదే తప్పు.

అవును, ఇక నువ్వే. గారూ బూరూ నావల్ల కాదు. ఒక్క ఆకు లేని కొమ్మ మీద అంత పువ్వు పూసి నిలబడమని నీకెవరు చెప్పారు? మా దగ్గర ఆకు లేని కొమ్మ కనిపిస్తే పొయ్యిలోకి పనికొస్తుందా అని చూస్తారు. సరే, బోడి కొమ్మ మీద పువ్వే కావాలంటే నల్లమలలో మోదుగ లేదా? అడవి అంటుకున్నట్టు పూస్తుంది. దానికి ఎవరూ శుభోదయం చెప్పరు. బహుమతి కవితలో నిన్ను "మనిషి చెయ్యి తాకని ప్రకృతి కన్య" అన్నారు. లెన్సు చెప్పినదాన్ని బట్టి ఆ ఫోటోలో ఉన్న గులాబీ తెలుపు రకం 1820లలో ఫ్రాన్సులో సులాంజ్ బోదాఁ అనే మాజీ సైనికాధికారి రెండు చైనా జాతులను కలిపి పుట్టించిన సంకరం. చెయ్యి తాకకపోవడమేమిటి, ఆయన చేతిలోనే పుట్టావు. నీ పేరు కూడా మాన్యోల్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్తది, 1703లో తగిలించారు. జపానులో నీ చుట్టం ఒకదాన్ని కొబుషి అంటారట, అంటే పిడికిలి. ఆ ఆదివారం హాల్లో నాది కూడా బాగానే బిగిసింది.

నీ ఫోటోలంటే నాకు పడదని కాదు. 1925లో ఇమోజెన్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా ఆవిడ నిన్ను నలుపు తెలుపులో బాగా దగ్గరగా తీసింది. రంగు లేదు, మంచు లేదు, ఒక్క చుక్క కవిత్వం లేదు, నీ నడుమ కేసరాల పోగు ఒక్కటే, చుట్టూ రేకుల వెలుతురు. అది చూసి చాలాసేపు ఏమీ అనలేకపోయాను. పిల్లలు చిన్నవాళ్లని ఇంటిపట్టున ఉంటూ ఆమె మొక్కలనే ఎదురుగా పెట్టుకుని తీసుకుందట. ఎదురుగా! నా మోచేతుల మీద గీతలు ఇంకా ఉన్నాయి తెలుసా.

ఇదంతా ఇంట్లో చెప్పుకుని ఏడుస్తుంటే మా అన్న కూతురు, డిగ్రీలో బోటనీ చదువుతోంది, ఫోను నుంచి తలెత్తకుండా అంది: "చిన్నాయనా, సంపంగి కూడా మ్యాగ్నోలియానే కదా. ముందు మిచెలియా అని వేరేగా ఉండె, ఇప్పుడు మ్యాగ్నోలియా చంపక అంటున్నారు."

ఆ మాట విని నేను గోడకు ఆనుకున్నాను. నువ్వు సంపంగివా?

పెనుకొండ పక్క పల్లెలో మా అవ్వ ఇంటి పెరట్లో, బావి గట్టున ఉండేదానివి. చూపుకు ఆనే పువ్వువి కాదు, ఆకుల్లో ఎక్కడున్నావో వెతుక్కోవాలి, ముందు ముక్కుకు తెలిసేది, తర్వాతే కంటికి. తుమ్మెద దగ్గరికి రాలేదన్న ఉక్రోషంతో సంపెంగ తపస్సు చేసి ఆడదాని ముక్కయిందని పద్యం చెప్పి ఒకాయన ముక్కు తిమ్మన అయ్యాడంటారు. అదీ మీ వంశం కథేనా? తేనెటీగలు పుట్టకముందు నుంచే ఉన్నారట మీరు, పెంకు పురుగులే మీకు పెళ్లిళ్ల పేరయ్యలట. తుమ్మెద రాకపోతే ఏం, ఎవరి కోసం ఏడుపు? అవ్వ నిన్ను కోసి ఒకటి దేవుడి పటానికి, ఒకటి చీరల ట్రంకు పెట్టెలో, ఒకటి కొప్పులో బయటికి కనపడకుండా. బావి ఎండిపోయింది, బోరు వేశారు, అదీ ఎండిపోయింది, చెట్టు కొట్టేశారు. ఎవరూ ఫోటో తీయలేదు.

పాతూరు పూల అంగట్లో నిన్న పది రూపాయలకు మూడు ఇచ్చారు, బెంగళూరు నుంచి వచ్చాయట. కిటికీ దగ్గర పెట్టి ఫోనుతో ముప్పై ఫోటోలు తీశాను. ఒక్కదాంట్లో కూడా పువ్వులా లేవు, ఒలిచి పారేసిన అరటి తొక్కలా ఉన్నావు. సిగ్గు విడిచి చెబుతున్నా, కవిత కూడా రాశాను. నేనూ ఆ పదిహేడు మందిలో కలిశాను, పో.

ఫోటోలో నువ్వు
చాలా బాగున్నావు
వాసన మాత్రం
అవ్వ కొప్పులోనే ఉండిపోయింది

లెక్కపెట్టాను. 27. 'ఉండిపోయింది' తీసేసి 'ఉంది' అంటే 24కి దిగుతుంది, ఏ జడ్జీ వేలు పెట్టలేడు. కానీ అవ్వ పోయి 14 ఏళ్లు. 'ఉంది' అని ఎట్లా రాసేది?

ఇట్లు,
ఈసారి రెండక్షరాలు ఎక్కువైనవాడు
అనంతపురం