సవరణ: శ్వాసనాళంలో ఉండేది ఒకే వరస

మొన్న ఉపకళా కణజాలం (అవయవాలను పైనా లోపలా పొరలా కప్పి ఉంచే కణాలు) మీద రాసిన పోస్టులో, శ్వాసనాళం లోపలి ఉపకళలో కణాలు రెండు మూడు వరసలుగా ఉంటాయని రాశాను. తప్పు. బైపీసీ చదువుతున్న మా మేనకోడలు పట్టేసింది.

ఉండేది ఒకటే వరస. పొట్టి కణాలూ పొడుగు కణాలూ పక్కపక్కనే ఇరుక్కుని ఉండటంతో కేంద్రకాలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. మైక్రోస్కోపులో చూస్తే వరస మీద వరస ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ప్రతి కణమూ అడుగున ఆధారత్వచాన్ని, అంటే ఉపకళ కింద ఉండే పలచటి పొరను, తాకే ఉంటుంది. అందుకే దానికి మిథ్యాస్తరిత ఉపకళ (వరసలు ఉన్నట్టు కనిపించేదే తప్ప నిజానికి లేనిది) అని పేరు. పేరులోనే ‘మిథ్య’ ఉన్నా నేను చూసుకోలేదు!

నిజంగా చాలా వరసలు ఉండేది నోట్లో, ఆహారనాళంలో. కరకరలాడే చెగోడీ గీరుకున్నా పై కణాలే రాలతాయి, అడుగు నుంచి కొత్తవి పుట్టుకొస్తాయి.

శ్వాసనాళం ఉపకళ చేసే పని గురించి ఆ పోస్టులో రాసింది మాత్రం సరైనదే. గుంటూరు మిర్చి యార్డులోకి వెళ్లగానే దగ్గు తెప్పించేది నరాలు. పీల్చిన దుమ్మును పట్టుకునేది శ్లేష్మం, దాన్ని మెల్లగా గొంతు వైపు ఊడ్చేది ఆ కణాల మీద సన్నటి వెంట్రుకల్లా ఉండే శైలికలు.

ఇంకొకటి: ఉపకళలో రక్తనాళాలు ఉండవు. పోషకాలు కింది సంయోజక కణజాలం (మిగతా కణజాలాలను కలిపి పట్టి ఉంచేది) నుంచే అందుతాయి. పాత పోస్టులో ఈ మాట చేర్చాను.