హెడ్మాస్టారి గదిలోని ఇనప బీరువా గారికి

మహారాజశ్రీ బీరువా గారికి, మూడో తరగతికి లెక్కలు చెప్పే టీచరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్నటిదాకా మీ కడుపులో ఉన్న గణిత కిట్టు మాకంటే క్షేమంగా ఉండేదని వేరే చెప్పక్కర్లేదు. పూసల చట్రం చుట్టూ ఉన్న పాలిథిన్ కవరు అన్నాళ్లూ చిరగలేదు. భిన్నాల చక్రంలో సగం ముక్క, పావు ముక్క పెళ్లిచూపులకు ముస్తాబై కూర్చున్నట్టుండేవి. చూసిపోవడానికి వచ్చేవాడే లేడు.

తప్పు, ఏడాదికోసారి వస్తారు. స్టాకు తనిఖీ రోజున మీ తలుపు కిర్రుమంటుంది. ఘనాలన్నీ బల్లమీదికి వస్తాయి. ఇద్దరు పెద్దమనుషులు వాటిని పదేసి చొప్పున కుప్పలు పెడతారు. పది కుప్పలు, వంద. "సరిపోయింది" అని రిజిస్టర్లో రాసి, సంతకాలు పెట్టి, మళ్లీ మీకే అప్పజెబుతారు. ఆ ఘనాలతో ఒకట్లు, పదులు, వందలు చేత్తో పట్టుకుని నేర్చుకున్నవాళ్లు మా బడిలో ఎవరైనా ఉన్నారంటే ఆ తనిఖీకి వచ్చినవాళ్లే.

మీ వంశం ఆషామాషీ వంశం కాదని నాకు తెలుసు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చినప్పుడు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నారు. ఆ సామగ్రి జాబితాలో గణిత కిట్టు కూడా ఉంది. దానికి కాపలాగా మీ తాతగారు, ట్రంకుపెట్టె గారు, ఉద్యోగంలో చేరారు. ఆ రోజుల్లోనే ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటిష్ సాయంతో ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, నడిచింది. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలన్నారు, చేసినవాటిని తరగతిలో ప్రదర్శించాలన్నారు. ఇంకొన్నాళ్లకు సర్వశిక్షా అభియాన్ వచ్చింది. టీఎల్ఎం, అంటే బోధన సామగ్రి, తయారుచేసుకోమని టీచరుకు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చింది. పథకాల పేర్లు మారాయి గానీ మీ తాళం కప్ప మారలేదు.

ఆ 500 నేనూ తీసుకున్నాను. దేనికి ఖర్చుపెట్టానో మీకు చెప్పకపోతే ఈ ఉత్తరం రాసే అర్హత నాకు ఉండదు. థర్మోకోల్, మెరుపుకాగితం, స్కెచ్ పెన్నులు. మూడు రాత్రులు కూర్చుని ఎనిమిది ముక్కల కేకు చేశాను, భిన్నాలు చెప్పడానికి. మండలం మేళాలో పెడితే అందరూ ముక్కున వేలేసుకున్నారు. బహుమతి కూడా వచ్చింది. మర్నాడు తరగతికి తీసుకెళితే ముందు బెంచీ పిల్లాడొకడు ముక్క ఊడదీద్దామని చెయ్యి చాపాడు. "ముట్టుకోకురా, పాడైపోతుంది!" అని ఆ చేతిమీద ఒక్కటిచ్చాను. భిన్నమంటే ముక్క విడదీయడమే కదా, వాడు పాఠమే చేయబోయాడని నాకు చాలా రోజులకు గానీ తట్టలేదు. ఆ కేకు ఇప్పుడు మీ నెత్తిమీదే ఉంది. మొన్నటిదాకా లోపల తాళం పడ్డ కిట్టు, పైన ముట్టుకోకూడని కేకు. కాబట్టి దీన్ని ఫిర్యాదు అనుకోకండి. ఒక తోడుదొంగ రాసిన ఉత్తరం అనుకోండి.

అసలు సంగతికి వస్తాను. కిందటి నెల తీసివేతలు చెబుతున్నాను. 52లోంచి 27 తియ్యమంటే సగం మంది 35 అని రాశారు. రెండులోంచి ఏడు పోదు గనక ఏడులోంచి రెండు తీసేశారు. ఎక్కడా గొడవలేకుండా సర్దుకుపోయే పిల్లలు, ఏం చేస్తాం. నేను మామూలు మంత్రమే చదివాను. "రెండులోంచి ఏడు పోదు, పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో." అప్పుడు ఆ ముందు బెంచీ వాడే లేచి అడిగాడు: "టీచర్, మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాం?"

పదిహేడేళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. పైగా వాడు ఇంకోటి కూడా అడిగాడు. ఒకటే కదా తెచ్చుకున్నాం, అది పది ఎలా అయింది, వడ్డీయా అని. వాళ్ల ఇంట్లో అప్పంటే ఏమిటో వాడికి బాగా తెలుసు.

మీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. మీరు గుర్తుపట్టారో లేదో. తాళంచెవి హెడ్మాస్టారి దగ్గర, హెడ్మాస్టారు చుట్టుపక్కల బళ్లన్నీ కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో. వరండాలో కొత్త చీపురు కనబడింది. పుల్లలు విరిచి పదేసి చొప్పున రబ్బరుబ్యాండ్లు వేశాం. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఇందులోంచి ఇరవై ఏడు ఇవ్వరా అన్నాను. వాడు రెండు కట్టలు ఇచ్చాడు. విడివి రెండే ఉన్నాయి, ఏడు కావాలి. కాసేపు నా మొహం చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఒక కట్ట రబ్బరు లాగాడు. అది టప్పుమని ఎగిరి పక్కపిల్ల జడమీద పడింది. పది పుల్లలు బండమీద చెల్లాచెదురయ్యాయి. ఏడు ఏరి నా చేతిలో పెట్టి, "అప్పు కాదు టీచర్, మన కట్టే మనం విప్పుకున్నాం" అన్నాడు. రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగిలాయి. ఇరవై ఐదు.

ఇన్నేళ్లుగా పిల్లలందరినీ అనవసరంగా అప్పులపాలు చేశానండీ.

పుల్లలు చేతికిస్తే చాలు, లెక్కలు వాటంతటవే వస్తాయని మీకు చెప్పను. మర్నాడే పరీక్షపెడితే పుల్లలతో చేసినవాళ్లే పలకమీద మళ్లీ 35 రాశారు. పుల్లల పని పుల్లల దగ్గరే ఉండిపోయింది. అందుకని కట్ట విప్పిన ప్రతిసారీ పలకమీద ఐదు కొట్టేసి నాలుగు రాయించాను, రెండు పక్కన పన్నెండు రాయించాను. తర్వాత పుల్లలు పక్కనపెట్టి, కట్టకు నిలువు గీత, విడి పుల్లకు చుక్క గీయించాను. గీతలు, చుక్కలు విసుగొచ్చాక వాళ్లే అంకెలకు వచ్చేశారు. వారం పట్టింది. చేత్తో, బొమ్మతో, గుర్తుతో అని అమెరికా మనస్తత్వవేత్త బ్రూనర్ చెప్పిన మూడు మెట్లు ఇవే. డీఎస్సీకి అందరం బట్టీపట్టాం. మాకు అది పరీక్షలో ఒక బిట్టు, అంతే.

ఇప్పుడు బళ్లకు పెద్ద ప్యానెళ్లు వచ్చాయి. తెరమీద ఘనాలు రంగురంగులుగా ఎగిరొచ్చి పదుల కడ్డీల్లా అతుక్కుంటాయి. పిల్లలు చేతులు కట్టుకుని చూస్తారు. బాగానే ఉంటుంది, పెళ్లి వీడియోలో భోజనంలా.

మా వంట ఆయమ్మ సంగతి చెప్పాలి మీకు. గుడ్డు పెట్టే రోజున అట్ట ట్రేని ఒక గంట తరగతికి ఇమ్మన్నాను. "పగిలితే ఎవరిస్తారమ్మా?" అంటూనే తెచ్చిపెట్టింది. అడ్డంగా చూస్తే ఆరేసి గుడ్లు ఐదు వరసలు. ట్రేని తిప్పితే ఐదేసి గుడ్లు ఆరు వరసలు. ఐదారులు ముప్పై అయితే ఆరైదులూ ముప్పై ఎందుకయిందో ఎక్కాల పుస్తకం చెప్పలేదు, ట్రే చెప్పింది. ఒక్క గుడ్డూ పగల్లేదు. పగిలే గుడ్లను ఆమె పిల్లల ముందు పెట్టింది. కిందపడేసినా పగలని ప్లాస్టిక్ ఘనాలను మీరు దాచారు.

మీ భయం నాకు అర్థంకాకపోలేదు. ఘనం పోతే రిజిస్టర్లో వంద తొంభై తొమ్మిదవుతుంది. అప్పుడు సంజాయిషీ రాయాల్సింది మీరు కాదు, ఆ టీచరు. అందుకే టీచర్లు మిమ్మల్ని తెరవరు. పిల్లవాడికి తీసివేత రాలేదని ఇంతవరకు ఎవరినీ సంజాయిషీ అడిగినట్టు నేను వినలేదు.

కిట్టు మూడో తరగతి కిటికీ గట్టుమీదికి మారిందని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పాలిథిన్ కవరు మొదటిరోజే చిరిగిపోయింది. ఘనాలు ప్రస్తుతం తొంభై ఏడు. ఒకటి ఎవరి జేబులోనో ఉంది, రెండోది ఎలుక ఎత్తుకెళ్లిందంటున్నారు, మూడోదాని సంగతి ఎవరూ చెప్పట్లేదు. వందలోంచి మూడు పోతే ఎంతో మా వాళ్లు వంద కట్టను విప్పి, అందులో ఒక పది విప్పి, పలకమీద రాసి చూపిస్తారు. తనిఖీకి వచ్చేవాళ్లను మా తరగతికి పంపండి.

ఇట్లు
మీ తోడుదొంగ,
మూడో తరగతి టీచరు

తా.క. తాళంచెవి నా దగ్గరే ఉంది. హెడ్మాస్టారు అడిగితే పోయిందని చెప్పండి.