బిల్లులో ‘సిమెంట్’ అంటే ఏ సిమెంట్?

మా పెద్దమ్మ బాత్రూంలో జారి కూలబడింది. డెబ్బై దాటిన మనిషి, ఎముకలు గుల్లబారి ఉన్నాయేమో, ఒక వెన్నుపూస నలిగిపోయింది. విజయవాడ సూర్యారావుపేటలో ఓ ఆసుపత్రిలో సూదితో సిమెంట్ ఎక్కిస్తే మర్నాడే లేచి నాలుగడుగులు వేసింది. అంతవరకు సంతోషమే. బిల్లులో మాత్రం ఒక్క ముక్క: ‘బోన్ సిమెంట్ - 1’. అదేం సిమెంటని అడిగితే కౌంటర్లో కుర్రాడు, ‘ఎముక పెరగడానికండీ’ అన్నాడు. పెరగదు. నా పేచీ అక్కడే.

తర్వాత డాక్టరుగారిని అడిగితే తెలిసింది, వేసింది పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ అట. షాపుల బోర్డులకు వాడే యాక్రిలిక్ షీటుదీ ఇదే జాతి. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1950ల చివర్లో కృత్రిమ తుంటి కీలు కదలకుండా బిగించడానికి దీన్ని వాడారు. మామూలు ప్యాకెట్లో 40 గ్రాముల పొడి, 20 మిల్లీలీటర్ల ఘాటు వాసన ద్రవం ఉంటాయి. కలిపితే ముందు జావ, తర్వాత పిండిముద్ద. కీలు మార్పిడిలో గ్లౌజుకు అంటుకోవడం మానేదాకా ఆగుతారు. వెన్నుపూసకైతే ఇంకా జారుగా ఉండగానే సూదిలోంచి పంపాలి. ఆలస్యమైతే సూదిలోనే బిగుసుకుంటుంది, మరీ పల్చగా ఉంటే రక్తనాళంలోకి జారి ఊపిరితిత్తులదాకా పోవచ్చు. పది పదిహేను నిమిషాల్లో వేడెక్కి రాయవుతుంది. ఒరిగిన గోడకు పెట్టిన ఊతం లాంటిది. ఎన్నేళ్లయినా ఎముక కాదు.

ఎముకకు చోటిచ్చే సిమెంట్ వేరే ఉంది. కాల్షియం ఫాస్ఫేట్ సిమెంట్. 1980లలో అమెరికాలో బ్రౌన్, చౌ అనే శాస్త్రవేత్తలు రూపొందించారు. ఒంటి వేడికే గట్టిపడి హైడ్రాక్సీఅపటైట్‌గా మారుతుంది. మన ఎముకలోని ఖనిజం దాదాపు అదే. శరీరం దాన్ని మెల్లగా కొరుక్కుతింటూ ఆ చోట సొంత ఎముక వేసుకుంటుంది. గుంటూరు రోడ్డులో బైకు మీంచి పడ్డ కుర్రాడికి మోకాలి కింది ఎముక పైభాగం కుంగిందనుకోండి. దాన్ని పైకి లేపాక కింద మిగిలే బోలును దీంతో నింపుతారు. నొక్కితే ఓర్చుకుంటుంది, మెలిపెడితే పెళుక్కున విరుగుతుంది. అందుకే ప్లేటూ స్క్రూలూ తప్పవు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ మన దేశంలోనే సిరంజితో ఎక్కించే రకాన్ని తయారుచేసింది.

మూడోది కాల్షియం సల్ఫేట్, అంటే కట్లు కట్టే ప్లాస్టర్ ఆఫ్ పారిసే. 1892లోనే జర్మనీలో డ్రీస్‌మన్ అనే డాక్టరు దీన్ని ఎముక గుంతల్లో నింపారు. కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది.

మూడూ మూడు తీరులు. మనవాళ్ల నోట్లోనూ బిల్లులోనూ ఒకటే పేరు.

వెన్నుపూసకు సిమెంట్ వేయాలా వద్దా అన్నదీ తేలిగ్గా తేలలేదు. సిమెంట్ లేని ఉత్తుత్తి సూదికీ దీనికీ నొప్పి తగ్గడంలో తేడా లేదని 2009లో రోగులపై చేసిన రెండు పరీక్షలు చెప్పాయి. 2016లో మరొకటి, విరిగిన ఆరు వారాల్లోపు చేస్తే మేలుందంది. మనమేమో పుత్తూరు కట్టూ, నొప్పి బామూ అయ్యాక మూడో నెలలో స్కానింగుకు వెళ్తాం.

2017లో గుండె స్టెంట్ల ధరలకు కళ్లెం వేసినప్పుడు బ్రాండు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా రాయాలన్నారు. ఎముకలో ఉండిపోయే పదార్థానికీ అదే పద్ధతి ఎందుకు ఉండకూడదు? ప్యాకెట్ మీది స్టిక్కర్ ఊడదీసి డిశ్చార్జి సమ్మరీలో అంటిస్తే చాలు. రేపు అక్కడే మళ్లీ ఆపరేషన్ చేయాల్సివస్తే, లోపలున్నది ప్లాస్టిక్కో ఫాస్ఫేటో ఆ డాక్టరుకు తెలియాలి కదా.

పెద్దమ్మ ఫైలంతా తిరగేశాను. స్టిక్కర్ లేదు. అడిగితే, డబ్బా ఆ రోజే పారేశామన్నారు.