ఏం పిల్లడో పాటకు చిందేసిన వాళ్లమే కదా

పోయిన డిసెంబరులో విశాఖ వెళ్లినప్పుడు, కూర్మన్నపాలెంలో మా మేనల్లుడి స్నేహితుడు ఒకడు తన జముకు తీసి చూపించాడు. చిన్నప్పుడు జముకుల కథలు విన్నానే గానీ ఆ వాయిద్యాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. కుంచం లాంటి డొల్ల, ఒక పక్క తోలు మూత, ఆ తోలు మధ్యలోంచి వచ్చిన నరం. డొల్లను చంకలో ఇరికించుకుని, నరాన్ని ఒక చేత్తో లాగిపట్టి రెండో చేత్తో మీటాలి. బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే మూలుగుతూ దిగిపోతుంది.

ఆ కుర్రాడు తోలుకు చిన్న మైకు అతికించాడు. ఆ మూలుగు వెనక స్టీల్‌ప్లాంటు సైరను, ఉక్కు కార్మికుల దీక్షా శిబిరంలో రికార్డు చేసుకున్న నినాదాలు కలిపాడు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ను ముక్కలు ముక్కలు చేస్తూ పోయి, చివరికి ‘హక్కు’ ఒక్కటే మిగిల్చాడు. మొదటి రెండు నిమిషాలు నాకు చిరాకేసింది. తర్వాత గొంతు పట్టేసింది. 1966లో ఆ నినాదం కోసం 32 మంది ప్రాణాలు పోయాయి. అప్పటి ఊరేగింపుల్లో మా నాన్న నడిచారు. 2021 జనవరిలో ప్లాంటును ప్రైవేటుకు ఇచ్చేయాలని కేంద్రం నిర్ణయించాక, అదే మాట మళ్లీ శిబిరాల్లో మోగింది.

“దీన్ని పాటంటార్రా?” అని అడిగాను.

“పాటని నానేటీ అన్లేదు మావయ్యా. వింతావా, వినవా?” అన్నాడు.

నాలాగే చాలామంది అడిగే ప్రశ్న అది. ఇలాంటి ప్రయోగాలు పాశ్చాత్యులవనీ మన ఒంటికి పడవనీ అంటారు. ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లు మాత్రం ఆ మాట అనకూడదు. శ్రీకాకుళం జిల్లా బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి దేవతల కథలు చెప్పే జముకు పట్టుకుని శ్రీకాకుళ రైతుల పోరాటం చెప్పాడు. 1969లో పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆ తర్వాత వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి నుంచి వచ్చి విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేసిన మనిషి. 1972లో గద్దర్‌తో కలిసి జననాట్యమండలి అనే విప్లవ కళాకారుల దళం కట్టాడు. యంత్రం ఎట్లా నడుస్తున్నదని అడుగుతూ ఆయన కట్టిన పాటలో నాకు ఇప్పటికీ కార్ఖానా చప్పుడు వినపడుతుంది. పల్లె బాణీని ఫ్యాక్టరీలోకి తీసుకెళ్లడం ప్రయోగం కాకపోతే మరేమిటి?

లండన్‌లో కార్నీలియస్ కార్డ్యూ అని ఒక సంగీతకర్త ఉండేవాడు. జర్మనీలో ప్రయోగ సంగీతానికి పేరుపడ్డ స్టాక్‌హౌజన్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, గీతలూ వలయాలూ బొమ్మలతో 193 పేజీల స్వరలిపి గీశాడు. దాన్ని ఎలా వాయించాలో వాయించేవాళ్లే తేల్చుకోవాలి. 1969లో సంగీతం రానివాళ్లను కూడా చేర్చుకుని ఒక ఆర్కెస్ట్రా పెట్టాడు. తర్వాత కమ్యూనిస్టు అయ్యాక ఇదంతా సామ్రాజ్యవాదానికి ఊడిగమేనని, గురువునూ తనను తానూ కలిపి 1974లో పుస్తకంలో ఎండగట్టి, కార్మికుల కోసం తేలిక పాటలు కట్టడం మొదలెట్టాడు. 1981లో 45 ఏళ్ల వయసులో ఏదో బండి గుద్ది వెళ్లిపోతే రోడ్డు మీదే పోయాడు. ఆయన నిజాయితీకి చేతులెత్తి మొక్కుతాను. కానీ జనం కోసం ప్రయోగాన్ని వదులుకోవాలన్న ఆయన లెక్కను ఒప్పుకోను. జనానికి అర్థం కాదని ముందే అనుకోవడం కూడా జనాన్ని తక్కువ చేయడమే. వంగపండుకు ఆ ఇబ్బంది రాలేదు. ఆయన ప్రయోగం జనం గొంతులోనే జరిగింది.

ఇక మన తెలుగు సంఘాల సంగతి. వంగపండు కట్టిన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’కు మన వేదికల మీద పిల్లల చేత ఎన్నిసార్లు చిందులేయించాం! అది శ్రీకాకుళ పోరాటానికి రమ్మని పిలిచే పాటని ఎంతమంది పిల్లలకు చెప్పాం? రంగురంగుల చీరలు కట్టించి, జానపదం ఐటమని పేరు పెట్టి, దరువు ఉంచుకుని మాట పారేశాం. ఇక్కడ ఒక సంఘం వారికి ఆ కుర్రాడి గురించి చెబితే, “టాలెంట్ ఉందండీ, కాకపోతే పాలిటిక్స్ మనకెందుకు” అన్నారు. అదే వేదిక మీద రాజకీయ నాయకులకు శాలువాలు కప్పడం నేను చూశాను. అప్పుడు ఎవరికీ పాలిటిక్స్ గుర్తు రాలేదు.

ఆ కుర్రాడు పగలంతా కాంట్రాక్టు పనికి పోతాడు. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఈ పని చేసుకుంటాడు. నరం తెగితే కొత్తది వేయించడానికి జీతం వచ్చేదాకా ఆగుతాడు. సినిమా గాయకులకు టికెట్లు, హోటళ్లు, పారితోషికాలు ఇస్తున్నాం, ఇవ్వాల్సిందే. ఏడాదికి ఒక్కసారి, ఒక్క ధిక్కార గాయకుడికి కూడా అదే గౌరవంతో అదే టికెట్ ఇద్దాం. ఏం పాడతావని ముందే కాగితం అడగొద్దు. నచ్చనివాళ్లు లేచి వెళ్లొచ్చు, లేదా చివర్లో నిలదీయొచ్చు.

ఆ కుర్రాడి రికార్డింగు నా ఫోన్‌లో ఉంది, పదకొండు నిమిషాలు. ఉగాది కార్యక్రమాల కమిటీలో ఎవరు పిలిచినా వచ్చి వినిపిస్తాను.