చెప్పేశాం, ఇక మీ ఇష్టం

రాబోయే నాలుగైదు రోజులు కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప జిల్లాల్లో ఎండలు ప్రమాదకర స్థాయికి చేరతాయని, తీవ్ర వడగాలులు వీస్తాయని వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందుగానే చెప్పాయి. మండలాల పేర్లతో సహా జాబితా వచ్చింది. ఫోన్లకు సందేశాలు వచ్చాయి. పదకొండు నుంచి నాలుగింటి దాకా బయటకు రావద్దు, మజ్జిగ తాగండి, తలకు గుడ్డ చుట్టుకోండి అన్నారు. ఆ సందేశం వచ్చే వేళకు బేతంచెర్ల దగ్గర నాపరాతి గనిలో కూలీ, చేతికి సెగ తగలకుండా గోనెసంచి ముక్క అడ్డం పెట్టుకుని బండ అంచు పైకెత్తుతున్నాడు. కర్నూలు మార్కెట్ యార్డులో హమాలీ ఉల్లిగడ్డల బస్తా వీపున వేసుకుని లారీ ఎక్కిస్తున్నాడు. ‘బయటకు రావద్దు’ అన్న మాట వీళ్లలో ఎవరి కోసం రాశారో రాసినవారే చెప్పాలి.

అంచనా వేసినవారిని మేము తప్పుపట్టడం లేదు. ఎండ ఎప్పుడు ముదురుతుందో నాలుగైదు రోజుల ముందు నమ్మకంగా చెప్పగలగడం, ఏ మండలంలో ఎంత ఉండబోతుందో విడదీసి చెప్పగలగడం చిన్న విషయం కాదు. రెండు వారాల ముందుచూపు ప్రతి గురువారం వస్తోంది, వేసవి మొత్తం ఎలా ఉండబోతుందో మార్చి, ఏప్రిల్ నాటికే తెలుస్తోంది. శాస్త్రవేత్తలు తమ పని చేశారు. వారి అంచనాను అందుకున్న ప్రభుత్వ యంత్రాంగం దాన్ని ఏం చేసిందన్నదే మా ప్రశ్న. చేసిందేమిటంటే, ఉన్నదున్నట్టు జనం మీదికి తోసేసి చేతులు దులుపుకుంది. హెచ్చరిక పనికి ఆరంభం కావాల్సింది పోయి, పని అయిపోయిందనడానికి రసీదుగా మారింది. రేపు ఎవరైనా పడిపోతే చూపించడానికి ఆ రసీదు సిద్ధంగా ఉంటుంది: మేము ముందే చెప్పాం కదా.

ఈ హెచ్చరికలోని లెక్క కూడా రాయలసీమకు సరిపడేది కాదు. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతేనే వడగాలి కింద లెక్క, 6.4 దాటితే తీవ్ర వడగాలి. సాధారణంతో పని లేకుండా నేరుగా 45 తాకినా వడగాలే. మే నెలలో కర్నూలు సాధారణ గరిష్ఠమే 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అంటే వరుసగా వారం రోజులు 43, 44 డిగ్రీలు కాసినా ఈ కొలమానం ప్రకారం ఇక్కడ వడగాలి లేనట్టే. ఎండకు అలవాటుపడిన ఊరని మన ప్రాణానికి మార్కులు తగ్గించారన్నమాట. పైగా ఆ 44 అనేది గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో పెట్టిన థర్మామీటరు చెప్పే అంకె. నాపరాతి గనిలో ఆ పెట్టె నీడ ఎవరికీ లేదు. పగలంతా సెగ తాగిన బండల మిద్దె రాత్రి పన్నెండు దాటినా చల్లారదు కాబట్టి, ఇంటికొచ్చి పడుకున్నవాడికీ తెరిపి ఉండదు. ఒంటికి కోలుకునే వ్యవధి లేకుండా రెండో రోజు, మూడో రోజు గడిచేకొద్దీ ముప్పు పెరుగుతుందన్న ముక్క ఏ సందేశంలోనూ కనబడదు.

2015 మే నెలను అప్పుడే మరిచిపోయారా? ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారని ప్రభుత్వమే ఒప్పుకున్న సంవత్సరమది. ఒప్పుకోని చావుల సంగతి వేరు. వడదెబ్బ మరణమని తేల్చాలంటే తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కూర్చున్న త్రిసభ్య కమిటీ నిర్ధారించాలి, శవపరీక్ష జరగాలి. పొలంలో కూలిపోయిన ముసలాయనను సాయంత్రానికే మట్టి చేసిన కుటుంబం ఆ కాగితాలు ఎక్కడి నుంచి తెస్తుంది? ఆయన గుండెపోటుతో పోయినట్టు, లేదా ఊరికే పోయినట్టు లెక్క. ఇలా లెక్కకెక్కని చావుల వల్లే ఏటా హెచ్చరికలు ఫలించినట్టు కనబడతాయి. ముందే చెప్పాం, చావులు తగ్గాయి అని చెప్పుకోవడానికీ వీలవుతుంది.

ఉపాధి హామీ పథకం దేశంలో మొదట మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ జిల్లాలోనే తర్వాత కూలీకి హాజరు పడాలంటే పనిచోట ఫోనులో రెండుసార్లు ఫొటో దిగాలన్న నిబంధన వచ్చింది. మొదటి ఫొటో ఎక్కిన నాలుగు గంటలకు గానీ రెండోది తీయడానికి వీలు లేదు. గుట్టల మధ్య సిగ్నలు అందక ఏడింటికి తీయాల్సిన ఫొటో ఎనిమిదిన్నరకు ఎక్కితే, రెండోది పన్నెండున్నరకు. తవ్వాల్సింది తెల్లవారుజామునే తవ్వేసినా, కొలత పూర్తయినా, ఆడవాళ్లు నెత్తిన కొంగు కప్పుకుని, కంపచెట్టు కింద చారెడు నీడలో ఒకరినొకరు ఆనుకుని ఆ ఫొటో కోసం కాచుకోవాలి. పదకొండు తర్వాత బయట ఉండొద్దనేదీ ప్రభుత్వమే, పన్నెండున్నర దాకా బయట ఉంటేనే కూలి ఇస్తామనేదీ ప్రభుత్వమే. ఈ రెండు నోళ్లలో ఏ నోటి మాట వినాలి? కూలి డబ్బు ఇచ్చే నోటి మాటే వింటారు, వినక తప్పదు. హెచ్చరించిన నోరు మాత్రం, ముందే చెప్పాం కదా అంటుంది.

ఎండను ఏ ప్రభుత్వమూ ఆపలేదని, పనులు నిలిపేస్తే కూలీలకే నష్టమని అధికారులు అంటున్నారు. అందులో కొంత నిజముంది. అయితే కేరళలో ఏటా వేసవిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించరాదని కార్మిక శాఖ ఉత్తర్వులు ఇస్తోంది. పని ఆగదు, వేళలు మారతాయి, అంతే. 1998లో రెండు వేల మందిని పోగొట్టుకున్న ఒడిశా ఆ తర్వాత మేలుకుంది. అహ్మదాబాద్ నగరం 2013లోనే వేడిమి కార్యాచరణ ప్రణాళిక రాసుకుని, ఫలానా అంకె దాటితే ఫలానా అధికారి ఫలానా పని చేయాలని ముందే పంచిపెట్టుకుంది. మన దగ్గరా ప్రణాళిక అనే పుస్తకం ఉంది. పని వేళలు మార్చాలన్న మాట అందులోనూ ఉంది. అది సలహా దాటి ఆజ్ఞగా మారదు, అదే తేడా. అధికారం లేక కాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. 2020లో అదే చట్టాన్ని చూపి దేశం మొత్తానికి తలుపులు వేయించారు. నాపరాతి గనికి మధ్యాహ్నం మూడు గంటల విరామం ఇప్పించడానికి మాత్రం ఆ చట్టంలో అక్షరం కనబడదట!

ఢిల్లీ కూడా తక్కువేమీ తినలేదు. జాతీయ విపత్తుల జాబితాలో 2012లో చలిగాలులకు చోటిచ్చిన కేంద్రం, వడగాలులను ఏళ్ల తరబడి గుమ్మం బయటే నిలబెట్టింది. రాష్ట్రాలు కావాలంటే విపత్తు నిధిలో పది శాతం వాడుకోండి అంది. తమిళనాడు 2024లో వేడిమిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించుకుంది.

ఇక క్షేత్రంలో కనబడుతున్నదేమిటంటే, చలివేంద్రాలు. నగరంలోని ఒక కూడలిలో పది రోజుల కిందట రిబ్బను కత్తిరించిన చలివేంద్రాన్ని మొన్న మధ్యాహ్నం రెండింటికి మా విలేకరి చూశారు. మూడు కుండలు, మూడూ ఖాళీ. ఒకదాని అడుగున తడిసిన ఇసుక, గొలుసుతో కట్టిన ఒక స్టీలు గ్లాసు. పైన మాత్రం ఆరుగురు నాయకుల నవ్వుమొహాలతో నిలువెత్తు ఫ్లెక్సీ. కాస్తో కూస్తో నీడ ఇస్తున్నది అదొక్కటే, ఒక ఆటో డ్రైవరు అందులో కునుకు తీస్తున్నాడు.

రోహిణి కార్తె ఇంకా రాలేదు. రోళ్లు పగిలే ఎండలు ముందున్నాయని మన పెద్దలకు ఏ ఉపగ్రహమూ లేకుండానే తెలుసు. కలెక్టర్లు రేపు పొద్దున పంపబోయే హెచ్చరికతో పాటు, పన్నెండు నుంచి మూడు దాకా గనుల్లో, యార్డుల్లో, రోడ్డు పనుల్లో పని చేయించకూడదని, ఆ గంటలకు కూలి కోయకూడదని సంతకం చేసిన కాగితం కూడా పంపాలి. ఉపాధి కూలీల రెండో ఫొటో నిబంధనను ఈ వేసవి గడిచేదాకా పక్కన పెట్టించాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐసు, సెలైన్లు, ఫ్యాను కింద ఒక ఖాళీ మంచం ఉన్నాయో లేదో వెళ్లి చూడాలి. వడదెబ్బ తగిలిన ఒంటిని అరగంటలోపు చల్లబరచకపోతే ప్రాణం దక్కే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఇవేవీ చేతకాదంటే, కనీసం ఆ ఫ్లెక్సీల డబ్బుతో కుండలు నింపించండి, మీ ఫొటోలు లేకపోయినా తాగేవారికి దాహం తీరుతుంది.