వెలుగును కొలిచే కెమెరా సెన్సర్ గారికి

గౌరవనీయులైన సెన్సర్ గారికి,

మధుపర్కాల ఫొటోలు చూసిన పెళ్లికూతురి తల్లిగారు నిన్న స్టూడియోకు వచ్చి, "ఏం బాబూ, మా పిల్లకు మాసిన బట్టలు కట్టబెట్టామా?" అని నలుగురిలో అడిగారు. ఎర్రంచు నిక్షేపంగా ఉంది. తెలుపే బూడిద రంగుకు తిరిగింది.

తమ పద్ధతి నాకు తెలియనిది కాదు. కోట్లాది పిక్సెళ్లలో పడిన వెలుగు ఎలక్ట్రాన్లుగా పోగుపడి అంకెగా మారేంతవరకు తమను తప్పుపట్టడానికి లేదు. ఆ అంకెను చూశాక, ఎదుట ఉన్నది ఏదైనా సరే తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతాన్నే వెనక్కి పంపుతుందని తీర్మానించుకుంటారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. తెల్ల నూలుబట్ట అంతకు నాలుగింతలకు పైగానే పంపుతుంది. అంత వెలుగును చూసి తమరు బెదిరిపోయి, ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుగును, తెగ్గోసి, తెలుపును బూడిద చేసి చేతిలో పెడతారు. చేతిలో పట్టుకునే పాతకాలపు వెలుగు మీటరును వరుడి గడ్డం దగ్గర పెడితే, దాని తెల్లటి బుడిపె మీద పడే వెలుగునే కొలుస్తుంది కనుక, బట్ట రంగుతో దానికి పనే ఉండదు.

1983లో నికాన్ ఎఫ్‌ఏ అనే కెమెరా ఫ్రేమును 5 భాగాలుగా విడదీసి కొలిచింది. ఇప్పుడు కెమెరా లోపలి అద్దం కూడా పోయి, ఫొటో తీసే తమరే వెలుగునూ కొలుస్తున్నారు. తలంబ్రాల జడివానలోనూ వధువు కంటిని వెదికి పట్టుకోగలరు గాని, ఆమె కట్టినది తెల్లబట్ట అని గ్రహించలేరా? (లెక్కలు చూసే ప్రాసెసర్ గారి మీదకు నెట్టకండి, మీ ఇద్దరిదీ ఒకే కాపురం.)

తమ కొలతకు మించి వెలుగు పెంచే ప్లస్ ఒకటి పెట్టుకోవలసిందంటారేమో. పెట్టాను, చాలలేదు. అదే ప్లస్ ఒకటితో, నల్ల సూట్లు వేసుకున్న వరుడి మిత్రులు వేదిక ఎక్కేసరికి, ఆ నలుపును కూడా బూడిద చేయాలని ఎక్స్‌పోజర్ పెంచి వాళ్ల ముఖాలను సున్నం కొట్టిన గోడల్లా చేశారు. బూడిదైన బట్టను, తమరిచ్చిన అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉండే రా ఫైలులో తెలుపు చేయవచ్చు. వెలుగుతో నిండిపోయిన పిక్సెల్‌లో ముక్కూ మొహమూ ఎక్కడినుంచి తేవాలి? నువ్వు తెస్తావా? లక్షలు పోసి కొన్నది నిన్ను, రాత్రంతా కూర్చుని తెలుపును తెలుపు చేసేది నేను! వచ్చే ముహూర్తానికి ఎక్స్‌పోజర్‌ను తేల్చే షట్టరు, ఎపర్చరు, ఐఎస్‌ఓ మూడూ నా చేతిలోనే ఉంటాయి. నీ సలహా నాకు అక్కరలేదు.

ఇట్లు,
వియ్యాలవారి ముందు మాటపడిన పెళ్లి ఫొటోగ్రాఫర్